జయపాల్ చెప్పిన గంటా పది నిమిషాలు

మా పటమటలో ఎవరింట్లో చావు జరిగినా, మొదటి ఏడుపులు తగ్గగానే ఎవరో ఒకరు జయపాల్ ఇంటికి నడిచేవాళ్ళు. పురోహితుడికో, ఫాదరు గారికో కబురు పంపడం ఆ తర్వాతే. దూరాన ఉన్న కొడుకో, కూతురో, తోబుట్టువో ఏ ఊళ్ళో ఏ బండి ఎక్కారో చెబితే చాలు. జయపాల్ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, వాళ్ళు గుమ్మంలోకి ఎన్నింటికి వస్తారో చెప్పేవాడు. ఆయన చెప్పిన గంటను బట్టే శవాన్ని లేపేవాళ్ళు. కులం, మతం చూడకుండా మా వీధిలో అందరికీ అదే అలవాటు.

జయపాల్‌ది మైలవరం పక్క పల్లె. తండ్రి మామిడి తోటల్లో కూలికి పోయేవాడు. జయపాల్ పదో తరగతి ప్యాసయి ఆర్టీసీలో కండక్టరుగా చేరాడు. బస్సు మెట్ల మీంచి పడి మోకాలు దెబ్బతిన్నాక బస్టాండులో కంట్రోలరుగా కూర్చోబెట్టారు. ఆ అద్దాల గదిలో పందొమ్మిదేళ్ళు, ఏ బస్సు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో రాస్తూ గడిపాడు. రిటైరయ్యాక భార్య పోయింది. ఒక్కగానొక్క కూతురు గుడివాడలో కాపురం. మా ఎదురింటి మేడ మీద గదిలో ఒక్కడే ఉంటాడు. పొద్దున టీ మాత్రం మా అరుగు మీద తాగుతాడు.

నాకు ఏదైనా అడిగి తెలుసుకోందే నిద్ర పట్టదు. ఒకరోజు పట్టుకుని అడిగాను.

"నువ్వేమన్నా జాతకం చూస్తావా జయపాల్? అంత కచ్చితంగా ఎట్టా చెబుతావు?"

"జాతకం కాదక్కా, లూజు."

"అదేంటి మళ్ళీ?"

"బస్సుకి పట్టే టైము వేరు, కాయితం మీద రాసే టైము వేరు. మైలవరానికి గంటా పది పడుతుందనుకో, గంటన్నర అని రాస్తాం. గేటు పడుద్ది, గేదెలు అడ్డమొస్తాయి, ఏ ముసలమ్మో మూట దించుకోలేక నిలబడిపోతది. ఆ పైనున్న ఇరవై నిమిషాలు లూజు. ఎక్కడ ఎంత లూజుందో తెలిస్తే, లేటైన బండి పోయిన టైముని ఎక్కడ లాక్కొస్తదో తెలిసిపోద్ది."

"మరి గేటూ పడక, గేదెలూ రాకపోతే?"

"డ్రైవరు టీ తాగుతాడు."

ఆయన లెక్క మీద నాకు నమ్మకం కుదరడానికి కారణం నా ఇంట్లోనే జరిగింది. తొమ్మిదేళ్ళ కిందట మా ఆయన పాండురంగయ్య గారు పోయారు. మగ్గాల చీరల వ్యాపారం మాది. మా మరిది సూరత్‌లో ఉండేవాడు. మరిది ఎక్కిన రైలు రెండున్నర గంటలు లేటని తెలిసి, ఇక అన్నగారి ముఖం చూడలేడు, లేపేద్దామని అందరూ తొందరపెట్టారు. జయపాల్ ఒక్కడే అడ్డం నిలబడ్డాడు. "ఖమ్మం దాటాక లూజుంది. లాక్కొస్తాడు. రెండుంబావుకి మీ గుమ్మంలో ఉంటాడు" అన్నాడు. రెండూ ఇరవైకి మా మరిది వచ్చి అన్నగారి కాళ్ళ మీద పడ్డాడు. ఆ ఐదు నిమిషాలు ఆటో ఆలస్యమని జయపాల్ ఇప్పటికీ అంటాడు.

అమలమ్మ ఇల్లు మా వీధి చివర. కుట్టుపని చేసేది. మా ఇంట్లో మూడు తరాల జాకెట్లు ఆమె కత్తిరించినవే. తల్లి పోయేనాటికి అమలమ్మకు పంతొమ్మిది, చెల్లెలు శాలినికి ఐదు. ఆ ఐదేళ్ళ పిల్లను మిషను పక్కన గోనెపట్టా మీద పడుకోబెట్టుకుని పెంచింది. తను పెళ్ళి చేసుకోలేదు, శాలినికి చేసింది. ఆ పెళ్ళి నిలవలేదు. శాలిని సైప్రస్ అనే దేశంలో ఒక ముసలామెను చూసుకునే పనికి వెళ్ళి ఆరేళ్ళు. మధ్యలో ఒక్కసారే వచ్చింది. రోజూ మధ్యాహ్నం అమలమ్మ ఫోనును మిషనుకు ఆనించి పెట్టుకుని, కాజాలు కుడుతూ చెల్లెలితో మాట్లాడేది. నేను వెళ్ళి మధ్యలో తల దూర్చేదాన్ని.

"ఏమే శాలినీ, మీ ముసలామె ఇవాళ ఏం తింది?"

"ఆలివ్ కాయలు, రొట్టె తిందమ్మా. నీ ఆవకాయ రుచి చూపిస్తే మాత్రం రోజంతా నీళ్ళు తాగింది పెద్దమ్మా!"

ఈ మే నెలలో ఒక బుధవారం, పొద్దున పదింటప్పుడు, అమలమ్మ మిషను మీద తల వాల్చేసింది. అలసిపోయి పడుకుందనుకుని పక్కింటివాళ్ళు గంటసేపు లేపలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. యాభై రెండేళ్ళు.

శాలినికి నేనే ఫోన్ చేశాను. ఏడవలేదు. "అక్కను ఉంచండి పెద్దమ్మా. నేనొచ్చేదాకా ఉంచండి. ఒక్కసారి ముఖం చూస్తాను" అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. అమలమ్మకు వేరే రక్తసంబంధం లేదు కాబట్టి వీధివాళ్ళమే పెద్దలమయ్యాం. అద్దె ఫ్రీజర్ పెట్టె తెప్పించి అందులో పెట్టాం.

గురువారం పొద్దున మా అరుగు మీద కూర్చున్నాం. ఏలూరు రోడ్డులో టికెట్లు బుక్ చేసే కిరణ్‌కుమార్ ఫోను పట్టుకుని కూర్చున్నాడు. జయపాల్ ఉన్నాడు. నా మనవరాలు ప్రత్యూష గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"రెండు దార్లున్నాయి పిన్నిగారూ," అన్నాడు కిరణ్‌కుమార్. "ఒకటి, ఈ సాయంత్రం ఆరింటికి సైప్రస్‌లో లార్నకా ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరి బహ్రెయిన్‌లో దిగాలి. అక్కడ గంటా పది నిమిషాల్లో ఇంకో విమానం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. కారులో పదకొండింటికల్లా ఇక్కడుంటుంది. రెండోది చుట్టుదారి. మధ్యలో తొమ్మిది గంటలు కూర్చోవాలి. హైదరాబాదు చేరేసరికి రేపు మధ్యాహ్నం రెండు. ఇక్కడికి రాత్రి ఎనిమిది."

"మొదటిది తియ్యక ఇంకా చూస్తావేంటయ్యా?" అన్నాను.

"అవి రెండు వేరు వేరు కంపెనీల టికెట్లు. మొదటి విమానం లేటయితే రెండోదానికి సంబంధం లేదు, వెళ్ళిపోద్ది. గంటా పది అంటే నాకు భయంగానే ఉంది. ఎనిమిదికొచ్చినా ముఖం చూసుకుంటుంది కదా, శనివారం పొద్దున్నే సమాధి చేసుకోవచ్చు."

"ఈ ఎండల్లో ఇంకో రాత్రా? ఆ పెట్టె ఇప్పటికే గురకపెడుతోంది."

జయపాల్ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఆ మొదటి విమానం గాల్లో ఎంతసేపుంటది కిరణ్?"

"మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలని రాశారు బాబాయ్ గారూ."

"దూరమెంత?"

"దూరం నాకెందుకండీ, టికెట్లు అమ్మేవాణ్ణి."

"దూరం తెలీకుండా టికెట్టు ఎట్టా అమ్ముతారయ్యా? మా కండక్టర్లను అడుగు, మైలురాయి రాయికీ చెబుతారు."

ప్రత్యూషకు బళ్ళో బహుమతిగా వచ్చిన గ్లోబు ఒకటి ఉంది. జయపాల్ దాన్ని తెమ్మన్నాడు. నన్ను దారం అడిగాడు. మా ఇంట్లో దారానికేం కొదవ? మగ్గం నూలు పోగు ఒకటి లాగి ఇచ్చాను. ముందు దాన్ని గ్లోబు నడుముకు చుట్టి స్కేలు పెట్టాడు. ఎనభై సెంటీమీటర్లు. భూమి నడుం చుట్టూ నలభై వేల కిలోమీటర్లని ప్రత్యూష చెప్పింది. అంటే సెంటీమీటరుకు ఐదు వందలు.

సైప్రస్ నువ్వుగింజంత ఉంది. పోగు ఒక కొసను దాని మీద నేనే గోటితో నొక్కి పట్టుకున్నాను. బహ్రెయిన్ కనపడనే కనపడదు. ప్రత్యూష పెన్సిలు మొన పెట్టి చూపిస్తే జయపాల్ రెండో కొస అక్కడికి లాగాడు. స్కేలు మీద నాలుగు సెంటీమీటర్లకు రెండు గీతలు తక్కువ.

"పంతొమ్మిది వందల కిలోమీటర్లు" అన్నాడు.

ప్రత్యూష ఫోనులో చూసి కళ్ళు పెద్దవి చేసింది. "పద్దెనిమిది వందల ఎనభై తాతయ్యా! దారంతో ఎట్టా వచ్చింది?"

"దారం అబద్ధం చెప్పదమ్మా. విమానం గంటకి ఎంత పోతది?"

"ఎనిమిది వందల యాభై."

"అయితే రెండుంబావు. లేవడం, వాలడం కలుపుకున్నా రెండున్నర. వీళ్ళు మూడూ ఇరవై ఐదని రాశారు. దగ్గర దగ్గర గంట లూజు పెట్టుకున్నారన్నమాట. ఆ విమానం అరగంట లేటుగా లేచినా టైముకి ముందే వాలుద్ది. కిరణ్ చెప్పిన గంటా పది నిమిషాలు పేరుకే. ఆ పిల్ల చేతిలో నిజంగా ఉండేది రెండు గంటల పైమాట."

"విమానాలకు లూజేంటి బాబాయ్ గారూ? చుట్టూ తిరిగి పోతదేమో."

"చుట్టూ తిరగడానికి ఆకాశంలో అడ్డమేముందయ్యా? గేట్లా, గేదెలా?"

అందరం నవ్వాం. వీధి చివర శవం ఉండగా నవ్వాం. కిరణ్‌కుమార్ ఒక్కడే నవ్వలేదు. "అయినా..." అని ఏదో చెప్పబోయాడు.

"నువ్వు నిన్నగాక మొన్న కొట్టు తెరిచావు. ఆయన లక్ష బస్సులు పంపించాడు. నోరు మూసుకుని మొదటిది బుక్ చెయ్" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదకూ నెట్టలేను.

శాలినికి ఫోన్ చేసి, పదకొండింటికి అక్క దగ్గర ఉంటావని చెప్పాను. "జయపాల్ బాబాయ్ లెక్కేశాడా?" అని అడిగింది. ఔనన్నాను. "అయితే చాలు పెద్దమ్మా" అని, అప్పుడు ఏడ్చింది.

మా వీధి మొదట్లో చర్చివాళ్ళ నల్లబోర్డు ఒకటుంది. జయపాల్ సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'అమలమ్మ గారి సమాధి కార్యక్రమం, శుక్రవారం సాయంత్రం 4 గంటలకు.'

శుక్రవారం పొద్దున ఆరింటికి నేను ఫోను చూశాను. రాత్రి శాలిని గొంతుతో పంపిన మాట ఉంది అందులో. జయపాల్ అప్పుడే టీకి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం విన్నాం.

"పెద్దమ్మా, విమానం ముప్పావుగంట లేటుగా లేచింది. దిగ్గానే పరిగెత్తాను. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. తలుపేసేశారు. అద్దంలోంచి ఆ విమానం కనపడతానే ఉంది పెద్దమ్మా. మా అక్క చచ్చిపోయిందని చెప్పాను. తెలుగులో కూడా చెప్పాను. దణ్ణం పెట్టాను. తియ్యలేదు. బాబాయ్‌కి చెప్పు, ఏం చెయ్యాలో అడుగు."

జయపాల్ మళ్ళీ వినిపించమన్నాడు. ముప్పావుగంట అన్నచోట ఆపమన్నాడు. వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. మళ్ళీ వేసుకున్నాడు.

కిరణ్‌కుమార్‌ను పిలిపించాను. ఎంత వెతికినా ఆ రోజుకు సీట్లు దొరకలేదు. దొరికినది శనివారం మధ్యాహ్నానికి హైదరాబాదు చేరుతుంది. అదే కొన్నాం.

"నిన్న గాల్లో ఎంతసేపుంది?" అని అడిగాడు జయపాల్.

కిరణ్‌కుమార్ ఫోనులో చూశాడు. "మూడు గంటల ఇరవై మూడు నిమిషాలు బాబాయ్ గారూ."

"మరి లూజేమైంది?"

"లూజు లేదండీ. మధ్యలో ఉన్న దేశాల్లో యుద్ధాలు. వాటి మీద ఆకాశం మూసేశారు. విమానాలు దక్షిణం వైపుకి పోయి, ఎడారి మీద నుంచి చుట్టూ తిరిగి పోతున్నాయి. కాయితం మీద రాసింది నిజంగా పట్టే టైమే. నాకూ రాత్రి వెతికితేనే తెలిసింది."

జయపాల్ అరుగు అంచుకు జరిగి తల పైకెత్తాడు.

"ఆకాశాన్ని ఎట్టా మూస్తారు కిరణ్?" అన్నాడు. ఎదురు ప్రశ్న కాదు అది. నిజంగా తెలియక అడిగాడు.

పదకొండు నుంచి కరెంటు పోతూ వస్తూ ఉంది. వచ్చినా నిలకడ లేదు, పెట్టె మోటారు మూలిగి ఆగిపోతోంది. మంచుదిమ్మలు తెప్పించి చుట్టూ పేర్చాం. రెండింటికల్లా అవి గచ్చు మీద నీళ్ళయ్యాయి. మళ్ళీ తెప్పించాం. శనివారం సాయంత్రం దాకా ఉంచుదామని జయపాల్ ఒక్కడే అన్నాడు. ఇంకో పెట్టె కోసం బందరు రోడ్డంతా తిరిగి వచ్చాడు. ఆ వారం ఎండలకు పోయినవాళ్ళు ఎక్కువ. పెట్టెలన్నీ ఎవరో ఒకరి ఇంట్లో ఉన్నాయి.

నాలుగింటికి అమలమ్మ ముఖం చూశాను. ఇంక ఎవరినీ చూడనివ్వకూడదనిపించింది. ఫాదరు గారు నెమ్మదిగా అన్నారు. "మట్టికి అప్పగిద్దామమ్మా. ఆ చెల్లెలి కోసమైనా అప్పగిద్దాం." నాకూ అదే న్యాయమనిపించింది.

జయపాల్ బోర్డు దగ్గరికి వెళ్ళి నాలుగు చెరిపి ఐదున్నర రాశాడు. ఆ తర్వాత ఇంట్లోకి రాలేదు. శాలిని రాదని తెలిసీ రోడ్డు మీదే, హైదరాబాదు వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. శవపేటికకు మేకులు కొట్టేముందు ఆఖరి చూపుకు రమ్మని పిలవడానికి నేనే వెళ్ళాను. ఐదుంముప్పావయింది.

"ఈపాటికి సూర్యాపేట" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ రెండో టికెట్టు కొని ఉంటే రెండింటికి హైదరాబాదులో దిగి, ఈ వేళకు శాలిని సూర్యాపేట దగ్గర ఉండేది. ఇంకో రెండు గంటల దూరం. ఆ రెండు గంటలు దిమ్మల మీద దిమ్మలు వేసైనా ఆపేవాళ్ళం.

"రా, జయపాల్. అమలమ్మ నీకు కూతురి వరస. చూసుకో."

"ఆ పిల్ల చూడకుండా నేను చూడనక్కా."

రాలేదు. సమాధుల తోట దాకా అందరి వెనకా నడిచాడు. మట్టి మాత్రం వేశాడు.

శాలిని శనివారం సాయంత్రం వచ్చింది. ఇల్లు కడిగేసి ఉంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పాం. ఆమె ఆ గుడ్డ తీసి, మిషను ముందున్న బల్ల మీద కూర్చుంది. అన్నం వద్దంది. తన వెంట తెచ్చిన చిన్న సంచిలో ఒక జత బట్టలు, అక్క కోసమని ముసలామె పంపిన నల్ల శాలువా ఉన్నాయి. మాటిమాటికీ ఆ శాలువా మడత విప్పి మళ్ళీ పెట్టింది.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం సమాధుల తోటకు వెళ్ళాం. దారిలో నేను జయపాల్ చెయ్యి నొక్కి, గొంతు తగ్గించి చెప్పాను. "కిరణ్ వద్దన్నాడన్న సంగతి ఎత్తకు. తెలిసి ఆ పిల్ల చేసేదేముంది?"

ఆయన తల ఊపాడు. అందుకని నేను నిశ్చింతగానే ఉన్నాను.

మట్టి ఇంకా తడిగానే ఉంది. పూలు ఎండిపోయాయి. శాలిని సమాధి చుట్టూ ఒకసారి తిరిగింది.

"తల ఎటు పెట్టారు బాబాయ్?"

జయపాల్ చూపించాడు. ఆ వైపు కూర్చుని మట్టి మీద అరచెయ్యి ఆనించింది.

"అక్క ముఖం ఎట్టా ఉంది?"

నిద్రపోతున్నట్టుందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. జయపాల్ ముందే మాట్లాడాడు.

"నేను చూడలేదమ్మా. చూసే హక్కు లేదు నాకు. రెండోది కొనమని కిరణ్ చెప్పాడు. అది కొంటే శుక్రవారం రాత్రి ఎనిమిదికి నువ్వు వచ్చేదానివి. అక్కను చూసేదానివి. నేనే వద్దన్నాను. లెక్కలో అంతా సరిపోయింది. దూరం కూడా సరిపోయింది. కానీ అక్కడ దారి లేదని నాకు తెలీదు."

"నేను కూడా అన్నానమ్మా. ఆ పిల్లాడి నోరు మూయించింది నేను" అన్నాను. ఆయన ఒక్కడి మీద వదలడం నాకు చేతకాలేదు.

శాలిని మా ఇద్దరి వంకా చూడలేదు. కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేది. తిట్టినా పడేవాళ్ళం. మట్టి మీద ఎండిన పూలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, శాలువా తీసి అక్కడ పరిచింది. గాలికి లేవకుండా నాలుగు వైపులా రాళ్ళు పెట్టింది. ఎండెక్కేదాకా కూర్చుని, లేచి, ముందు నడిచింది.

ఐదు రోజులే సెలవు. వెళ్ళేముందు వీధిలో అందరి ఇళ్ళకూ వెళ్ళి చెప్పింది. నా దగ్గరికి వచ్చి నా భుజం మీద తల పెట్టింది. ఎదురింటి మేడమెట్లు మాత్రం ఎక్కలేదు. జయపాల్ పిట్టగోడ దగ్గర నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూశాడు.

మొన్న జూన్‌లో మా వెనక వీధిలో రావమ్మ గారు పోయారు. కొడుకు పూణే నుంచి బయల్దేరాడని, ఎన్నింటికి లేపాలని మనుషులు జయపాల్ దగ్గరికి వచ్చారు. "నాకు తెలీదండీ. అతనికే ఫోన్ చేసి అడగండి" అని తలుపు దగ్గరికి వేశాడు. వాళ్ళు నా దగ్గరికి వచ్చి, జయపాల్ గారికి గర్వం పెరిగిందా అని అడిగారు.

శాలిని ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. సిలువ చెక్కించారా, వానకు మట్టి కుంగిందా అని అడుగుతుంది. ఆ వేళకు జయపాల్ మా అరుగు మీద ఉంటే, ఫోను మోగగానే టీ సగంలో వదిలి లేస్తాడు. ఒకసారి చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇస్తాను, మాట్లాడు. ఎన్నాళ్ళని ఇట్టా?"

"ఆ పిల్ల నా పేరెత్తిందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. నా చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయాడు.

పోయిన ఆదివారం మాటల మధ్యలో శాలిని ఆగింది. ఆ ముసలామె దగ్గు నాకు వినపడుతోంది.

"బాబాయ్ ఉన్నాడా అక్కడ?" అని అడిగింది.

నేను తల తిప్పి చూశాను. ఎదురింటి మేడమెట్ల మీద, పై మలుపు దగ్గర, మోకాలు పట్టుకుని ఎక్కుతున్న మనిషి వీపు కనపడింది. గట్టిగా పిలిచాను. ఆ మెట్ల మీదికి నా గొంతు వినపడకుండా ఉండదు. ఆయన తిరిగి చూడలేదు.

"లేడమ్మా" అన్నాను.

"సరే పెద్దమ్మా" అని పెట్టేసింది.